గార్డుగారి ఆరు నిమిషాలు

గార్డుగారు పోయారన్న కబురు నాకు తరగతి గదిలో ఉండగా అందింది. బోర్డు మీద రైలు బొమ్మ గీసి, దాని రెండు కొసలా సిబ్బంది కూర్చునే గదులకు, అంటే క్యాబులకు, గుర్తులు పెట్టి పాఠం చెబుతున్నాను. బండి వచ్చేటప్పుడు ముందు క్యాబులో ఉన్నవారు డ్రైవరు, వెనక క్యాబులో ఉన్నవారు గార్డు. అదే బండి వెనక్కి బయలుదేరేటప్పుడు ఎవరూ చోటు మారనక్కరలేదు. డ్రైవరు గార్డవుతారు, గార్డు డ్రైవరవుతారు. ఇద్దరికీ రెండు పనులూ వచ్చు కాబట్టి నాలుగు నిమిషాల్లో బండి కదులుతుంది. ఈ మాట చెబుతుండగా జేబులో ఫోను మూడోసారి అదిరింది.

"గార్డుగారు ఎల్లిపోయేడు తమ్ముడూ," అంది అవతలి గొంతు. "పొద్దున్న బూట్లకి లేసులు కట్టుకుంటా అలగే పక్కకి ఒరిగిపోయేడు. గుండె అంటన్నారు. మూడు గంటలకి సమాధుల దొడ్డికి తీసుకెల్తారు. వత్తావా, క్లాసుందా?"

ఆ చివరి ప్రశ్నలో ఎత్తిపొడుపు ఉంది. అడిగిన మనిషికి ఆ హక్కూ ఉంది. ఆయన గార్డుగారికి జోడీగా పాతికేళ్లు బండి నడిపిన డ్రైవరు. తుమ్మపాల పక్కన చెరకు పండించే ఇల్లు ఆయనది. గార్డుగారిది అనకాపల్లిలో మూడు తరాల క్రైస్తవ కుటుంబం. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరు "బావా" అనుకునేవారు. అందుకే ఇక్కడ ఆయన్ని డ్రైవరు బావ అనే అంటాను.

ఖననమైన వారానికి మా విభాగంలో సంతాప సభ పెట్టారు. ఒక అధికారి లేచి, గార్డుగారు రెండు పనులూ నేర్చిన మొదటి బ్యాచిలో ప్రథములనీ, కొత్త పద్ధతికి ఆదర్శమనీ, ఆయన బాట అందరికీ అనుసరణీయమనీ అన్నారు. ఆ బాటలో ఆయన నడిచిన నడక ఏమిటో, దాన్ని ఆపింది ఎవరో ఆ గదిలో ఉన్నవారిలో సగంమందికి తెలుసు. నేనూ లేచి రెండు మంచి మాటలు చెప్పి కూర్చున్నాను. అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నా కోపం కనిపిస్తే పాఠకులు మన్నించనక్కరలేదు. అది ఉండవలసిన కోపమే, రావలసిన సమయానికి రాలేదు, అంతే.

*

ఉద్యోగంలో చేరిన కొత్తలో, దారి నేర్చుకోవడానికి నన్ను ఆయన వెంట పంపారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, భుజాన సంచి, సంచిలో స్టీలు గిన్నెలో చోడి అంబలి. ఈలను వాడే ముందూ, వాడిన తరవాతా రుమాలుతో తుడిచేవారు. పచ్చజెండాను శనివారం శనివారం తానే ఉతుక్కునేవారు. ఇంట్లో ఎవరికీ ఇచ్చేవారు కాదు. రంగు కొంచెం వెలిసినా కొత్తదానికి అర్జీ పెట్టేవారు. "వెలిసిపోయిన పచ్చ ఏ రంగూ కాదు తమ్ముడూ. అవతలోడు దాన్ని తనకి కావలసిన రంగు సేసుకుంటాడు," అనేవారు.

మొదటి రోజున బండి ఒక స్టేషను వదులుతుండగా, నేను కిటికీలోంచి ముందుకు, ఇంజను వైపు చూస్తున్నాను. ఆయన నా గడ్డం పట్టుకుని మెల్లగా వెనక్కి తిప్పారు.

"డ్రైవరు ముందుకి సూత్తాడు. నువ్వు ప్లాట్‌ఫారాన్ని సూడు. ఇద్దరూ ఒకేపక్కకి సూత్తే ఇద్దరెందుకు? ఒకడు సాలు."

ఆదివారం సెలవు దొరికితే చర్చిలో ఆఖరి బెంచీలో కూర్చునేవారట. ముందుకు రమ్మని పాస్టరుగారు పిలిస్తే, "ఆఖరి పెట్టిలో కూకుంటేనే గానండీ అందరూ ఎక్కేరో నేదో నాకు తెలవదు," అన్నారని వాళ్లావిడ చెప్పి నవ్వేది. ఆమెను నేను అక్కా అంటాను.

అనకాపల్లిలో ఆగి, వచ్చిన దారినే విశాఖ వైపు తిరిగిపోయే చిన్న విద్యుత్తు బండి ఒకటి ఉంది. గార్డుగారు, డ్రైవరు బావ చాలాకాలం దాని మీద పనిచేశారు. పాత పద్ధతిలో బండి ఆగగానే డ్రైవరు సంచి తీసుకుని ముందు క్యాబు దిగి వెనక్కి నడిచేవారు. గార్డు వెనక క్యాబు దిగి ముందుకు నడిచేవారు. ఇద్దరూ సరిగ్గా బండి మధ్యలో, మంచినీళ్ల కుళాయి దగ్గర, ఎదురుపడేవారు. అక్కడ ఒక నిమిషం ఆగడం వాళ్ల అలవాటు. ఏ నిబంధనలోనూ లేదు. అందరు జోడీలూ ఆగేవారు.

"నాలుగో పెట్టికి కుదుపొత్తంది బావా. బ్రేకు ఇడవడానికి తాత్సారం సేత్తందేమో సూడు," అనేవారు గార్డుగారు.

"పెట్టిది కాదు బావా, నా సేతి బరువది. నిన్న బెల్లం వండేరు మా ఇంటికాడ. కల్లంలో కూకుని ఏడి ఏడి పాకం తిన్నాను."

"మరి నాకు తేనేదే?"

"తెత్తే అంబలి మానేత్తావని."

ఇంతే మాటలు. కానీ ఆ మాటలతో నాలుగో పెట్టె సంగతి డ్రైవరుకు తెలిసేది. నడిచేటప్పుడు ఇద్దరూ బండి పొడవునా చూసుకుంటూ వచ్చేవారు. మూసుకోని తలుపు, వేలాడుతున్న గొట్టం, మెట్టు మీద నిద్రపోతున్న మనిషి, అన్నీ కళ్లబడేవి. ఆ నడకకు పుస్తకాల్లో పేరు లేదు. అందుకే దాన్ని తీసేయడం అంత సులువైంది.

*

రెండు పనులూ ఒక్కరికే నేర్పే పద్ధతి వచ్చినప్పుడు గార్డుగారికి యాభై ఏడు దాటాయి. ఎవరూ బలవంతపెట్టలేదు. తనే పేరిచ్చారు, బావ చేత కూడా ఇప్పించారు. అప్పటికి నేను శిక్షణాలయంలో బోధకుణ్ణి. నాకు పని నేర్పినాయన నా తరగతిలో, ఇక్కడ కూడా ఆఖరి బెంచీలోనే, కూర్చున్నారు. గదిలో నన్ను "సారూ" అనేవారు. గుమ్మం దాటగానే "తమ్ముడూ" అనేవారు. ఒక్కసారి కూడా పొరపడలేదు.

ఆయన ఆ పద్ధతికి వ్యతిరేకి కాదు. ఈ మాట నొక్కి చెప్పవలసి వస్తోంది, ఎందుకంటే తరవాత కాగితాల మీద ఆయన్ని మార్పు గిట్టని మనిషిగా రాశారు. డ్రైవరు పనిని ఆయన ప్రేమగా నేర్చుకున్నారు. బ్రేకు వేస్తే ప్రయాణికుడి చేతిలో టీ తొణకకూడదని పంతం పట్టి అలాగే వేశారు. పరీక్షలో ఆయనకే ఎక్కువ మార్కులు వచ్చాయి. బావ మాత్రం, "ముసిలితనంలో ఈలలూదమంటన్నారు నన్ను," అని గొణుక్కుంటూ గార్డు పని నేర్చుకున్నాడు.

చివరి వారంలో ఆయన చెయ్యెత్తారు.

"సారూ, ఒక డౌటు. ఈ పని నేర్చుకోడానికి ఆర్నెల్లిచ్చేరు. బండి తిరిగినప్పుడల్లా దీన్ని మర్సిపోవాలి గదా, గార్డునవ్వాలంటే. మర్సిపోడానికి ఆరు నిమిషాలివ్వరేటి?"

తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. "ఆ సంగతి పాఠంలో లేదండీ," అన్నాను.

ఆయన అడిగింది ఏమిటో వివరంగా చెబుతాను. ఇది నా వృత్తి కనుక తప్పు లేకుండా చెప్పగలను. స్టేషనులో సిగ్నలు పచ్చగా వెలిగింది. డ్రైవరుకు అది చెయ్యి కదపమన్న సూచన. ఏళ్ల తరబడి అభ్యాసంతో కన్ను పచ్చను చూడగానే చెయ్యి దానంతటదే సిద్ధమవుతుంది. గార్డుకు అదే పచ్చ ఏమీ కాదు. ప్లాట్‌ఫారం మీద ఎక్కేవారు ఎక్కి, దిగేవారు దిగి, మెట్ల మీద ఎవరూ లేరని చూసుకున్న తరవాతే ఆయన రెండుసార్లు బెల్లు కొట్టాలి. అది వింటేనే డ్రైవరు బండి కదపాలి. ఒకే దీపం ఒకరి చెయ్యిని లేపుతుంది, మరొకరి చెయ్యిని లేపకూడదు. గంటసేపు డ్రైవరుగా ఉన్న మనిషి, కుర్చీలోంచి లేవకుండా, నాలుగు నిమిషాల్లో రెండో మనిషి కావాలని మేము పాఠం రాశాం. రాసినవాళ్లలో నేను ఒకణ్ణి.

*

కొత్త పద్ధతి అమలైన మొదటి రోజు నుంచీ గార్డుగారు, బావ అనకాపల్లిలో దిగి నడిచారు. చోటు మారనక్కర లేదు కదా, అయినా ఇద్దరూ చెరో కొస నుంచి మధ్య కుళాయి దాకా వచ్చి, ఆగి, నాలుగు మాటలాడుకుని, వెనక్కి తిరిగి తమ క్యాబులకే వెళ్లేవారు. బండి రెండు నిమిషాలు ఆలస్యమయ్యేది. ఆలస్యమైన ప్రతిసారీ కారణం రాయాలి. ఆయన రోజూ అదే గుండ్రటి దస్తూరీతో రాసేవారు: "జోడీదారును కలవడానికి బండి మధ్యదాకా నడిచాను." సిగ్నలు లోపమనో, జనం రద్దీ అనో ఒక్క అబద్ధం రాసి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. మేమందరం అలాంటివి రాసినవాళ్లమే.

మెమోలు వచ్చాయి. మొదటిది వచ్చిన రోజు కుళాయి దగ్గర జరిగింది తరవాత బావే నాకు చెప్పాడు.

"నడిసినందుకు గదా బావా మెమో. రేపట్నుంచి పరిగెడదాం."

"పరిగెడితే మాటాడుకోడానికుండదు. ఆయాసం."

"అయితే మెమోలోనే కబుర్లు రాసుకుందాం. నీ జవాబు నాకిచ్చీ, నాది నీకిత్తాను."

నాలుగో మెమో తరవాత రాతపూర్వకంగా ఉత్తర్వు వచ్చింది. బండి దిశ మారే సమయంలో సిబ్బంది క్యాబు వదలరాదు. గార్డుగారు దాన్ని రెండుసార్లు చదివి, అందినట్టు సంతకం పెట్టారు. నాకు ఫోను చేశారు. "కాగితం వచ్చింది తమ్ముడూ. ఇంక నడవను," అన్నారు. ఆయన నియమం తప్పే మనిషి కాదు. నియమం లేనిచోట నడిచారు. నియమం వచ్చాక ఆగిపోయారు. బావ మర్నాడు ఒక్కడే కుళాయి దాకా వెళ్లి, నీళ్లు తాగి, తిరిగి వచ్చాడట.

ఆ తరవాత మూడు వారాలకు అది జరిగింది.

ఉదయం బండి. విశాఖ నుంచి అనకాపల్లి దాకా గార్డుగారు డ్రైవరు. అక్కడి నుంచి తిరుగు ప్రయాణంలో ఆయనే గార్డు. లేవలేదు, దిగలేదు, నడవలేదు. నాలుగు నిమిషాలకు బండి కదిలింది. దారిలో ఒక చిన్న హాల్టు ఉంది, పేరు రాయను. అక్కడ ప్లాట్‌ఫారం వంపు తిరిగి ఉంటుంది. వెనక క్యాబులోంచి తల బయటపెడితే ముందున్న సిగ్నలు కనిపిస్తుంది. మునగకాడలు అమ్ముకునే ఒక పెద్దావిడ తన గంపను మూడో పెట్టెలోకి ఎక్కించి, ఒక కాలు మెట్టు మీద పెట్టింది. గార్డుగారు తల బయటపెట్టారు. పచ్చదీపం కనబడింది. చెయ్యి రెండుసార్లు బెల్లు కొట్టింది. కొట్టిన తరవాత ఆయన కళ్లు ప్లాట్‌ఫారం మీదికి వచ్చాయి.

వెంటనే ఆయనే బ్రేకు లాగారు. బండి ఒక పెట్టె పొడవు కూడా వెళ్లకముందే ఆగింది. ఆవిడ బతికింది. తుంటి ఎముక విరిగింది. గంప ఎత్తుకుని నడిచే పని ఆవిడకు ఇక లేకుండా పోయింది.

ఆస్పత్రిలో ఆవిడ ఆయన్ని చూసి ఒకటే అడిగింది. ఆ సమయంలో నేను పక్కనే ఉన్నాను.

"నన్ను సూడనేదా బాబూ?"

"సూడనేదమ్మా. సిగ్నల్ని సూసేను."

ఇంత సూటిగా తన తప్పును చెప్పుకున్న మనిషిని నా ఉద్యోగ జీవితంలో ఇంకొకరిని చూడలేదు.

*

విచారణకు ముగ్గురిని వేశారు. మూడోవాణ్ణి నేను, శిక్షణ సంగతులు తెలిసినవాడినని. గార్డుగారి వాంగ్మూలం రెండే వాక్యాలు. "తప్పు నాది. పని మారేటప్పుడు నడిచే అలవాటును ఉత్తర్వు ప్రకారం ఆపిన తరవాత, డ్రైవరు చూపు నాలోంచి పోవడం లేదని నాకు తెలుస్తూనే ఉంది, ఆ సంగతి నేను పైకి రాయకపోవడం కూడా తప్పే."

నివేదికలో మొదటి వాక్యం ఉంది. రెండో వాక్యం లేదు. ఉత్తర్వు ప్రస్తావన లేదు. అది ఉండాలి కదా అని నేను అడిగాను. "అది మన పరిధిలోకి రాదు," అన్నారు మా ముగ్గురిలో పెద్ద అధికారి, కాగితం నా వైపు జరుపుతూ. వ్యక్తిగత అజాగ్రత్త, అన్నది తేలిన నిర్ణయం. కింద మూడు సంతకాలు. నాది స్పష్టంగా ఉంటుంది. ఎవరికీ చదవడం కష్టం కాదు.

ఇక్కడ నన్ను నేను తిట్టుకుంటే పాఠకులు నన్ను మంచివాడనుకునే ప్రమాదం ఉంది. అందుకని జరిగినది మాత్రం చెబుతాను. ఆయన్ని బండి మీద నుంచి దింపేశారు. మిగిలిన పద్నాలుగు నెలలూ పాత రిజిస్టర్లున్న గదిలో కూర్చోబెట్టారు. మాలో ఒక ఆచారం ఉంది. ఆఖరి రోజున బండికి దండ కట్టి, కుటుంబాన్ని ఆ బండిలోనే ఎక్కించుకుని, ఆఖరి స్టేషనులో తోటివాళ్లు మేళంతో దింపుకుంటారు. గార్డుగారు దుమ్ము పట్టిన ఒక అలమరకు తాళం వేసి, తాళంచెవి గుమాస్తా చేతికిచ్చి, బస్సులో ఇంటికి వెళ్లారు. పాతికేళ్ల పైబడి పచ్చజెండా తానే ఉతుక్కున్న మనిషికి వీడ్కోలు అది. దండ తెచ్చినవాడు బావ ఒక్కడే. బస్సు డ్రైవరును బతిమాలి ఆ బస్సుకే కట్టాడట.

ఆ తరవాత గార్డుగారికి రెండే పనులు మిగిలాయి. మొదటిది, ప్రతి గురువారం ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లడం. మందులు తేవడం, వడ్లు మరకు పట్టుకెళ్లడం, కూర్చోవడం. ఆయన వీధి మలుపు తిరగగానే ఆవిడ మనవరాలితో, "గార్డుబాబు వత్తన్నాడు, బెల్లు కొట్టండే," అనేదట. మొదట్లో ఆ మాటకు ఆయన ముఖం మాడిపోయేది. ఆవిడ మానలేదు. ఏడాది తిరిగేసరికి ఆయన గుమ్మంలో నిలబడి, "మెట్టు మీద ఎవులూ నేరు గదా, ఎక్కీమంటావా?" అని అడిగి లోపలికి వెళ్లేవారు. ఆయన్ని క్షమించినది ఎవరైనా ఉంటే ఆవిడే. ఆవిడకు ఆ పని చేయడానికి పరిధి అడ్డు రాలేదు.

రెండో పని నాతో. ఒక కాగితం వెనక ఆయన రాసి ఇచ్చిన వాక్యం ఇది: "బండి దిశ మారే చోట ఇద్దరూ దిగి, బండి మధ్యదాకా నడిచి, ఒకరినొకరు చూసి, ఒక్క మాటైనా మాట్లాడుకుని తిరిగి రావాలి, ఇందుకు ఆరు నిమిషాలు ఇవ్వాలి." దీన్ని పాఠంలో చేర్చమన్నారు. తన పేరు మీద పడ్డ మచ్చ తుడవమని ఎన్నడూ అడగలేదు. రేపు ఇంకొకరి చెయ్యి అలా బెల్లు మీదికి వెళ్లకూడదు, అదొక్కటే ఆయనకు కావలసింది.

నేను ఆ వాక్యాన్ని పైకి పంపాను. మళ్లీ పంపాను. మూడోసారీ పంపాను. జవాబు లేదు. తరగతిలో నా నోటితో చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చెప్పలేదు. పుస్తకంలో లేనిది బోధించకపోవడం నా వృత్తిధర్మం అనుకున్నాను. ఆ సంవత్సరాల్లో నా చేతుల మీదుగా ఐదు బ్యాచులు వెళ్లాయి.

పోవడానికి రెండు వారాల ముందు నేను వాళ్లింటికి వెళ్లాను. చిక్కిపోయి ఉన్నారు. అక్క మంచినీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లాక ఆయన ఎప్పటిలాగే అడిగారు.

"మన వాక్యం ఎంతవరకొచ్చింది తమ్ముడూ?"

"పైకి పంపానండీ. చూస్తున్నారు."

"సూత్తన్నారు," అన్నారాయన తల ఊపుతూ. ఆ వెంటనే, "ఏ పక్కకి సూత్తన్నారో," అన్నారు.

ఆయన నాతో అన్న ఆఖరి మాట అది. ఆ మాటలో కోపం లేదు. నాకు అదే ఇప్పటికీ మింగుడుపడదు.

*

సమాధుల దొడ్డిలో జనం ఎక్కువ లేరు. ఆయన పోయిన రోజు గురువారం. ఆ పెద్దావిడ ఇంటికి బయలుదేరబోతూనే బూట్లు తొడుక్కున్నారని అక్క చెప్పింది. తెల్ల చొక్కాతోనే పెట్టెలో పడుకోబెట్టారు. పాస్టరుగారు ప్రార్థన ముగిస్తుండగా ఒక ఆటో వచ్చి గేటు దగ్గర ఆగింది. మనవరాలి భుజం పట్టుకుని, చేతికర్రతో ఆవిడ దిగింది. పెట్టె దగ్గరికి రావడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. పాస్టరుగారు ఆగారు. అందరూ ఆగారు.

ఆవిడ పెట్టె అంచు మీద చెయ్యి వేసి, చుట్టూ ఉన్న మమ్మల్ని చూసింది.

"ఈ బాబుది తప్పు నేదని ఎవులైనా రాయండి. మీరందరూ సదువుకున్నోళ్లే గదా."

"రాసేటోడు ఇక్కడే ఉన్నాడమ్మా," అన్నాడు డ్రైవరు బావ, నా వైపు చూడకుండా. "అప్పుడూ ఈడే రాసేడు."

నేను నా వంతు మట్టి వేసి పక్కకు వచ్చాను.

మర్నాడు తరగతిలో బొమ్మ గీసి, క్యాబులకు గుర్తులు పెట్టి, కింద గార్డుగారి వాక్యం మొత్తం రాశాను. ఒక కుర్రవాడు లేచి, "ఇది ఎన్నో పేజీలో ఉంది సార్?" అని అడిగాడు. ఏ పేజీలోనూ లేదని, అయినా రాసుకోమని, రేపు పరీక్షలో అడగకపోయినా ఉద్యోగం ప్రతిరోజూ అడుగుతుందని చెప్పాను. మూడేళ్లు ఆలస్యంగా చెప్పాను. ఆ ఆలస్యానికి కారణం రాయవలసిన గడిలో నా దగ్గర రాయడానికి నిజం ఒక్కటే ఉంది. నేను భయపడ్డాను.

సంతాప సభ ముగిసిన సాయంత్రం బావ నా చెయ్యి పట్టుకున్నాడు. ఖననం నాటి నుంచి నాతో మాట్లాడలేదు.

"స్పీచి బాగా ఇచ్చేవు. రా, ఒకటి సూపిత్తాను," అన్నాడు.

అనకాపల్లి స్టేషనుకు తీసుకెళ్లాడు. కుళాయి పక్క బెంచీ మీద కూర్చున్నాం. ఉద్యోగ విరమణ తరవాత రోజూ సాయంత్రం అక్కడే కూర్చుంటాడని అప్పుడే తెలిసింది. పుట్లకొద్దీ బెల్లం వండే ఇంటి మనిషి, ప్లాట్‌ఫారం మీద పల్లీల పొట్లం కొనుక్కుని నాకు సగం పెట్టాడు. విశాఖ బండి వచ్చి ఆగింది. జనం దిగారు. ముందు క్యాబు తలుపు తెరుచుకుంది. తెల్ల చొక్కాలో ఒక అమ్మాయి దిగి, ఒక్కొక్క పెట్టె తలుపూ మెట్టూ చూసుకుంటూ, తొందర లేకుండా మా వైపు నడిచి వస్తోంది. ఆమెను గుర్తుపట్టాను. రెండేళ్ల కిందట నా తరగతిలోనే చదివింది.

"నేను ఈ వాక్యం ఆమెకు చెప్పలేదే," అన్నాను.

"నువ్వు సెప్పనేదు. నేను సెప్పేను," అన్నాడు బావ. "మొదట్లో పిచ్చోడనుకుంది. ఆనక ఓరోజు దిగి నడిసింది. ఆ రోజు రెండో పెట్టి మెట్టు మీద ముసిలోడొకడు పడుకునున్నాడు. అప్పట్నుంచి రోజూ నడుత్తంది. రెండు మెమోలొచ్చేయి ఈ గుంటకి."

"జవాబు ఏం రాసింది?"

"నీకెందుకు, నువ్వు సంతకం పెడతావేటి?"

అమ్మాయి కుళాయి దగ్గరికి వచ్చి ఆగింది. నన్ను చూసి, "నమస్తే సార్," అని, వెంటనే బండి రెండో కొస వైపు తిరిగింది. అక్కడి క్యాబులో ఉన్నది కూడా నా విద్యార్థే. నేను పాఠం చెప్పిన ఐదు బ్యాచుల్లో ఏదో ఒకదానిలో, పుస్తకంలో ఉన్నదంతా శ్రద్ధగా రాసుకున్న ఎవరో ఒకరు. ఆ తలుపు మూసి ఉంది. ప్లాట్‌ఫారం మీద గడియారంలో మూడో నిమిషం పడింది. బావ పల్లీలు నమలడం ఆపాడు.

క్యాబు కిటికీలోంచి ఒక తల బయటికి వచ్చింది. కుళాయి వైపు చూసింది, చేతి గడియారం చూసుకుంది, లోపలికి వెళ్లిపోయింది. అమ్మాయి కదల్లేదు. బండి సరిగ్గా సగం దగ్గర నిలబడి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, ఆ మూసిన తలుపు వైపే చూస్తోంది.